386 మదర్‌బోర్డు మీది బ్యాటరీ కారిపోయింది: ఇక్కడ దొరికే సెల్లతో బదులు బ్యాటరీ చేసుకోవడం ఎలా?

సజ్జ మీది పెట్టె (హన్మకొండ):

అందరికీ నమస్కారం. మా మేనమామ 1990లలో హన్మకొండలో చిన్న టైపింగ్, డీటీపీ కేంద్రం నడిపేవారు. అప్పటి 386 రకం ప్రాసెసర్ ఉన్న కంప్యూటర్ ఒకటి ఆయన ఇంట్లో సజ్జ మీద, పాత పరుపుల వెనుక, ఇరవై ఏళ్లకు పైగా పడి ఉంది. విండోస్‌కు ముందటి డాస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో తెలుగు అక్షరాలు చూపించే జిస్ట్ కార్డు దానికి ఉంది. అది ఎలా పనిచేసేదో మా పిల్లలకు చూపించాలనీ, మామయ్య ఆ రోజుల్లో కొట్టిన పెళ్లిపత్రికల ఫైళ్లు డిస్కులో ఇంకా మిగిలి ఉన్నాయో లేదో తెలుసుకోవాలనీ పోయిన నెలలో దానిని కిందికి దించాను.

దుమ్ము దులిపి, పవర్ సప్లైని విడిగా పరీక్షించి, ఆ తరువాతే బోర్డుకు కలిపాను. తెర వెలిగింది. అయితే సీమాస్ (తేదీని, డిస్కు వివరాలను గుర్తుంచుకునే చిన్న జ్ఞాపకం) బ్యాటరీ బలహీనంగా ఉందని చెప్పి, ఎఫ్1 నొక్కమని ఆగిపోతుంది. సెటప్‌లోకి వెళ్లి, హార్డ్ డిస్కు మీది చీటీ చూసి, టైప్ 47 (వివరాలు మనమే నింపుకునే రకం) కింద సిలిండర్లు 560, హెడ్లు 6, సెక్టర్లు 26 అని నింపితే డాస్ వస్తుంది. స్విచ్ కట్టేస్తే మళ్లీ అన్నీ మరచిపోయి, తేదీ 1980 జనవరి 1కి పోతుంది. పది సార్లు పెడితే మూడు సార్లు కీబోర్డ్ ఎర్రర్ కూడా వస్తుంది.

మూత తీసి చూస్తే, కీబోర్డు సాకెట్ పక్కన చిన్న పీపా ఆకారంలో నీలం రంగు బ్యాటరీ ఉంది. దాని మీద 3.6 వోల్టులు, 60 ఎంఏహెచ్ (మిల్లీ ఆంపియర్ గంటలు, అంటే బ్యాటరీ సామర్థ్యం) అని రాసి ఉంది. రెండు కొసలా పచ్చని చిలుము పట్టి, అది బోర్డు మీద రూపాయి బిళ్లంత మేర పాకింది. అదే రకం బ్యాటరీని ఆన్‌లైన్‌లో వెదికితే, సెల్ ధర కంటే దానిని తెప్పించుకునే ఖర్చే ఎక్కువగా ఉంది. హన్మకొండ చౌరస్తా దుకాణాల్లో దొరికే వస్తువులతో దీనికి బదులు చేసుకోవచ్చునా? ఈ కాలపు మదర్‌బోర్డుల్లో వాడే సీఆర్2032 బటన్ సెల్‌ను ఆ రెండు కాళ్ల మధ్య నేరుగా సోల్డర్ చేస్తే సరిపోతుందా? నాకు మల్టీమీటర్ వాడటం, మామూలు సోల్డరింగ్ చేయడం వచ్చు. అంతకు మించి తెలియదు.

పాత సిగ్నల్ మనిషి (కాజీపేట):

తమ్ముడూ, ముందుగా ఒక మాట. ఆ బటన్ సెల్‌ను అక్కడ నేరుగా పెట్టకండి. మీ బోర్డు మీద ఉన్నది నికెల్ కాడ్మియం బ్యాటరీ, అంటే ఛార్జ్ చేసుకునే రకం; లోపల 1.2 వోల్టుల సెల్లు మూడు వరుసగా ఉంటాయి. కంప్యూటర్ నడుస్తున్నంతసేపూ బోర్డులోని 5 వోల్టుల సరఫరా ఒక డయోడ్ (కరెంటును ఒకే వైపుకు పోనిచ్చేది), ఒక రెసిస్టర్ (కరెంటును తగ్గించేది) గుండా వచ్చి ఆ బ్యాటరీని కొద్దికొద్దిగా నింపుతూ ఉంటుంది. సీఆర్2032 ఛార్జ్ చేయకూడని లిథియం సెల్. దానిలోకి అలా కరెంటును తోస్తే వేడెక్కి, ఉబ్బి, పగిలిపోయే ప్రమాదం ఉంది. ఛార్జ్ అయ్యే ఎల్ఐఆర్2032 పెడతామని కొందరు అంటారు గానీ, ఆ సెల్‌ను 4.2 వోల్టుల వద్ద ఖచ్చితంగా ఆపాలి. ఈ పాత బోర్డుకు అలా ఆపే ఏర్పాటు లేదు, కనుక అది కూడా వద్దు.

బదులు బ్యాటరీ సంగతి తరువాత చూడవచ్చు. మీరు ఈ సాయంత్రమే చేయవలసిన పని, ఆ పీపాను బోర్డు మీద నుండి తీసివేయడం. అందులో నుండి కారింది పొటాషియం హైడ్రాక్సైడ్ అనే క్షారం. గాలిలోని తేమను పీల్చుకుంటూ రాగి తీగల వెంట పాకుతూనే ఉంటుంది. సోల్డర్ కరిగించి లాగుదామని చూడకండి, క్షారం పట్టిన కాళ్లకు సోల్డర్ సరిగా కరగదు. బలవంతం చేస్తే కాలితో పాటు దాని చుట్టూ ఉన్న రాగి వలయం కూడా ఊడి వస్తుంది. చేతులకు తొడుగులు వేసుకుని, కటింగ్ ప్లయర్‌తో కాళ్లను కత్తిరించి, అర సెంటీమీటరు మొండాలు మిగల్చండి. కాడ్మియం విషపదార్థం కాబట్టి తీసిన బ్యాటరీని ఇంటి చెత్తలో వేయకుండా, ప్లాస్టిక్ సంచిలో కట్టి ఈ-వేస్టు తీసుకునేవారికి ఇవ్వండి.

ఆ తరువాత, బోర్డును పెట్టె నుండి పూర్తిగా బయటికి తీసి, తెల్ల వెనిగర్‌లో ముంచిన పాత పళ్ల బ్రష్‌తో చిలుము ఉన్నచోట రుద్దండి. కొద్దిగా నురుగు వస్తే ఆమ్లం, క్షారం కలుస్తున్నాయని అర్థం. వెనిగర్ దొరక్కపోతే నిమ్మరసం కూడా పనిచేస్తుంది, కానీ అది జిగటగా మిగులుతుంది కాబట్టి రెండింతలు కడగాలి. ఇన్వర్టర్ బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఫ్యాను కింద ఒక పగలు, ఒక రాత్రి ఆరబెట్టండి. ఎండలో పెట్టకండి, మన వరంగల్ ఎండలో మే నెలలో ఇనుప గేటే ముట్టుకోలేము.

కీబోర్డ్ ఎర్రర్ కూడా ఈ కారిన రసం పనే అయి ఉంటుంది. ఆ సాకెట్ నుండి కీబోర్డ్ కంట్రోలర్ చిప్‌కు వెళ్లే సన్నని తీగలు సరిగ్గా ఆ బ్యాటరీ కింది నుండే పోతాయి. ఒక్కొక్క తీగను మల్టీమీటర్ బీప్ మోడ్‌లో (తీగ తెగకుండా ఉంటే మోగుతుంది) పెట్టి చూడండి. పైకి బాగానే కనిపించే తీగ ఆకుపచ్చ పూత కింద తెగి ఉండవచ్చు.

కరీంనగర్ రిపేరు:

పెద్దాయన చెప్పినదంతా సరైనదే. బదులు బ్యాటరీ గురించి నేను చెబుతాను. ఇరవై ఏళ్లకు పైగా ఇదే పనిలో ఉన్నాను.

కావలసినవి మూడు ఆల్కలైన్ పెన్సిల్ సెల్లు, మూడు సెల్లు పట్టే ప్లాస్టిక్ హోల్డర్, 1ఎన్4148 డయోడ్ ఒకటి, రెండు రంగుల సన్నని వైరు ఒక అడుగు. నూట యాభై రూపాయలలోపే అన్నీ వస్తాయి. హోల్డర్ ప్లస్ వైరును మధ్యలో కత్తిరించి డయోడ్‌ను వరుసలో సోల్డర్ చేయాలి. డయోడ్ మీద నల్లని అడ్డగీత ఉన్న కొస బోర్డు వైపు, గీత లేని కొస సెల్లవైపు ఉండాలి. అప్పుడు సెల్ల నుండి కరెంటు బోర్డులోకి పోతుంది గానీ, బోర్డు నుండి సెల్లలోకి వెనక్కి రాదు. ఈ మొత్తం పనిలో విలువైన వస్తువు ఆ రూపాయి డయోడే.

మూడే ఎందుకు అన్న ప్రశ్న వస్తుంది. 1984లో వచ్చిన ఐబీఎం ఏటీలో మోటరోలా 146818 అనే గడియారం చిప్ ఉండేది. దానిలో ఉన్నది 64 బైట్ల జ్ఞాపకం, అందులో 14 బైట్లు గడియారం పనికి పోగా మిగిలిన 50 బైట్లలోనే మీ డిస్కు వివరాలన్నీ నిలిచేవి. 386 బోర్డులలో అదే పని వేరే పెద్ద చిప్పులో కలిసిపోయినా, లోపలి పద్ధతి మాత్రం మారలేదు. అది నికరంగా నడవాలంటే 3 వోల్టులు ఉండాలి. ఇంత చిన్న కరెంటు దగ్గర 1ఎన్4148 దాదాపు 0.4 నుండి 0.5 వోల్టు తినేస్తుంది. రెండు సెల్లు పెడితే చిప్‌కు మిగిలేది 2.5 వోల్టులే, సీఆర్2032కు డయోడ్ కలిపినా అదే ఇబ్బంది, కొన్ని బోర్డులు నడుస్తాయి, కొన్ని నడవవు. మూడు సెల్లయితే 4 వోల్టులు దాటి అందుతాయి. వోల్టేజి తక్కువ తినే షాట్కీ డయోడ్ పెడితే బాగుంటుంది కదా అనిపిస్తుంది. అయితే 1ఎన్5817 లాంటివి వెనక్కి కూడా కొంత కరెంటును కారనిస్తాయి, మనం ఆపాలనుకుంటున్నదే దానిని.

ఎక్కడ కలపాలి అన్నది బోర్డును బట్టి ఉంటుంది. మీ బోర్డు మీద, బ్యాటరీకి దగ్గరలోనే, నాలుగు పిన్నుల హెడర్ (వైర్లు తగిలించే పిన్నుల వరుస) ఒకటి ఉండాలి. సాధారణంగా 1వ పిన్ను ప్లస్, 4వది గ్రౌండ్, 2, 3 పిన్నుల మీద జంపర్ (రెండు పిన్నులను కలిపే చిన్న తొడుగు) పెడితే బోర్డు మీది బ్యాటరీ పనిచేస్తుంది. బయటి బ్యాటరీ పెట్టేటప్పుడు ఆ జంపర్ తీసివేయాలి. అయితే సాధారణంగా అన్న మాట నమ్మి సోల్డర్ చేయకండి, కొలిచి చూసుకోండి. కంప్యూటర్ నడుస్తుండగా 1, 4 పిన్నుల మధ్య 10 కిలో ఓముల రెసిస్టర్ ఒకటి ఉంచి, దాని రెండు కొసలా వోల్టేజి చూడండి. రెసిస్టర్ లేకుండా కొలిస్తే మురికి గుండా కారే కరెంటుకే మీటరు ఉత్త వోల్టులు చూపిస్తుంది. రెసిస్టర్ ఉన్నా 4 వోల్టులు కనబడితే అక్కడ ఛార్జింగ్ ఉన్నట్టు. సున్నాకు దగ్గరగా వస్తే బోర్డులోనే అడ్డు డయోడ్ ఉన్నట్టు. ఏది తేలినా మన డయోడ్ మాత్రం పెట్టండి.

ఇంకొకటి. సెల్ల హోల్డర్‌ను బోర్డు మీద అతికించకండి. ఆల్కలైన్ సెల్లలో ఉన్నదీ అదే పొటాషియం హైడ్రాక్సైడ్, అవి కూడా ఒకనాడు కారుతాయి. హోల్డర్‌ను మూత ఉన్న చిన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, పెట్టె అడుగున, బోర్డుకు దూరంగా వెల్క్రో పట్టీతో బిగించండి. టీవీ రిమోట్‌తో ఉచితంగా వచ్చే చవక సెల్లు ఇంకా ముందే కారతాయి కాబట్టి వాటిని ఈ పనికి వాడకండి.

గోదావరిఖని వాసి:

ఇంత శ్రమ అవసరమా అని నా సందేహం. పాత కార్డ్‌లెస్ ల్యాండ్‌లైన్ ఫోన్లలో ఉండే బ్యాటరీ ప్యాకు సరిగ్గా 3.6 వోల్టులే, మూడు నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్లు కలిపి కట్టినది. మొబైల్, ఫోన్ల విడిభాగాల దుకాణాలలో ఇప్పటికీ దొరుకుతుంది. బోర్డు మీది పాత బ్యాటరీ కాళ్ల మొండాలకు దాని వైర్లు కలిపితే చాలు, బోర్డే ఛార్జ్ చేసుకుంటుంది, డయోడ్ గొడవ లేదు. 386 తరువాతి తరమైన నా 486 కంప్యూటర్‌లో నేను అదే పెట్టాను, మూడేళ్లుగా నడుస్తోంది.

కరీంనగర్ రిపేరు:

అన్నా, మీ ఉపాయం తప్పని నేను అనను. రోజూ వాడే కంప్యూటర్‌కు అదే సుఖం. అయితే ఈ బోర్డుల ఛార్జింగ్ కరెంటు ఎంతో తక్కువ, అది 60 ఎంఏహెచ్ పీపా కోసం పెట్టిన లెక్క. మీ ప్యాకు 600 ఎంఏహెచ్ అనుకుని, ఛార్జింగ్ 2 మిల్లీ ఆంపియర్లు అనుకుంటే, ఖాళీ ప్యాకు నిండటానికి మూడు వందల గంటలకు పైగా కంప్యూటర్ నడపాలి. కాబట్టి ముందే ఫోనులో పెట్టి పూర్తిగా ఛార్జ్ చేసి తేవాలి, బహుశా మీరూ అలాగే చేసి ఉంటారు. అసలు చిక్కు మరొకటి. ఆ రకం సెల్లు వాడకున్నా నెలకు ఐదో వంతో, ఇంకా ఎక్కువో తమంతట తామే ఖాళీ అవుతాయి, మీ వైపు వేసవి వేడికి అది మరింత త్వరగా జరుగుతుంది. హన్మకొండ వారు పండుగకో పబ్బానికో ఒకసారి తెరిచి పిల్లలకు చూపించే పెట్టెకు ఆల్కలైన్ సెల్లే మేలు.

గోదావరిఖని వాసి:

ఒప్పుకుంటున్నాను. నేను వారానికి రెండు మూడు సార్లు ఆటలకు పెడుతుంటాను, అందుకే నాకు ఇబ్బంది తెలియలేదు. ముందు ఫోనులో ఛార్జ్ చేసిన మాట కూడా నిజమే.

486 అన్నాను కాబట్టి, దీనిని చదివే ఇతరుల కోసం ఒకటి చేరుస్తాను. కొన్ని బోర్డుల మీద బ్యాటరీయే కనబడదు. దాని స్థానంలో డల్లాస్ 1287 అనే ఎత్తైన నల్లని చిప్ ఉంటుంది, లిథియం సెల్ దాని లోపలే పోత పోసి ఉంటుంది. అది అయిపోతే చిప్ పక్కలను ఆకురాయితో జాగ్రత్తగా అరగదీసి, 16, 20 పిన్నుల దగ్గర లోపలి సెల్‌కు పోయే తీగలను తెంచి, 16కు నెగెటివ్, 20కి పాజిటివ్‌గా సీఆర్2032 హోల్డర్ కలుపుతారు. అక్కడ ఛార్జింగ్ ఉండదు కనుక బటన్ సెల్‌కు డయోడ్ అక్కరలేదు. హన్మకొండ వారి బోర్డుకు ఇది వర్తించదు.

సజ్జ మీది పెట్టె (హన్మకొండ):

అందరికీ కృతజ్ఞతలు. రెండు ఆదివారాలు పట్టింది, జరిగినది జరిగినట్టు రాస్తున్నాను.

బ్యాటరీని కత్తిరించి తీశాను. వెనిగర్ పోయగానే చిలుము మీద సన్నని నురుగు లేచింది, పెద్దాయన చెప్పినట్టే. చిలుము పోయాక దాని కింద ఆకుపచ్చ పూత బుడగలుగా లేచి ఉంది. సూదితో గీరితే లోపలి రాగి కాటుకలా నల్లగా ఉంది, ఇంకాస్త గీరితే రెండు చోట్ల తళుక్కుమంది, మూడో చోట తీగే లేదు. బీప్ పెట్టి చూస్తే కీబోర్డు సాకెట్ నుండి చిప్‌కు వెళ్లే తీగల్లో ఒకటి అక్కడే తెగింది. ఒత్తితే తగిలి, వదిలితే విడిపోతుంది కాబోలు, అందుకే పదింటిలో మూడు సార్లు ఎర్రర్ వచ్చేది. పాత ట్రాన్స్‌ఫార్మర్ నుండి విప్పిన వెంట్రుకంత ఎనామెల్ తీగను ఈ కొస నుండి ఆ కొసకు సోల్డర్ చేశాను. ఆ తరువాత ఒక్కసారి కూడా కీబోర్డ్ ఎర్రర్ రాలేదు.

కొలతలు ఇవి. నాలుగు పిన్నుల హెడర్ దగ్గర రెసిస్టర్ లేకుండా 1.8 వోల్టులు చూపింది, 10 కిలో ఓములు పెట్టగానే సున్నాకు పడిపోయింది. పాత బ్యాటరీ మొండాల మధ్య అదే రెసిస్టర్‌తో 4 వోల్టులు నిలిచింది. అంటే బటన్ సెల్‌ను నేను అనుకున్న చోట పెట్టి ఉంటే ఆ 4 వోల్టులూ దాని మీదికే వచ్చేవన్న మాట. మొండాలకు టేపు చుట్టి వదిలేసి, హెడర్‌నే వాడుకున్నాను.

ఒక పొరపాటు చేశాను. మొదటిసారి డయోడ్‌ను తిరగేసి సోల్డర్ చేసి, పైన ట్యూబు తొడిగి, చాలా ముచ్చటగా వచ్చిందని ఫోటో కూడా తీసుకున్నాను. హెడర్ దగ్గర కొలిస్తే సున్నా. సెల్లకు గానీ బోర్డుకు గానీ ఏమీ కాలేదు, ట్యూబు మాత్రం కోసి పారేయవలసి వచ్చింది. సరిచేశాక 4.2 వోల్టులు వచ్చాయి.

తేదీ, డిస్కు వివరాలు నింపి, ప్లగ్గు పీకి, పదకొండు రోజులు ముట్టుకోలేదు. తెరిస్తే ఎఫ్1 అడగకుండా నేరుగా డాస్ వచ్చింది. 1996 నాటి తేదీలతో ఉన్న ఫైళ్ల వరుసలో ఒకటి తెరిస్తే, ముదురు తెర మీద మెల్లగా తెలుగు అక్షరాలు పరచుకున్నాయి. మామయ్య కళ్లద్దాలు సర్దుకుని, పెళ్లికూతురు తండ్రి పేరులో తను చేసిన అచ్చుతప్పును ముందుగా పట్టుకున్నారు.

రెండు సందేహాలు మిగిలాయి. సెల్లు ఎంత కాలం వస్తాయో ఎలా లెక్కకట్టాలి? ఆ పదకొండు రోజుల్లో గడియారం 4 నిమిషాలు వెనకబడింది, అది కూడా బ్యాటరీ వల్లనేనా?

కరీంనగర్ రిపేరు:

లెక్క సులువే. ప్లస్ వైరులో 1 కిలో ఓము రెసిస్టర్‌ను తాత్కాలికంగా వరుసలో పెట్టి, కంప్యూటర్ కట్టేసి ఉండగా దాని కొసల మధ్య మిల్లీ వోల్టులు చదవండి. ఎన్ని మిల్లీ వోల్టులు వస్తే అన్ని మైక్రో ఆంపియర్లు.

సజ్జ మీది పెట్టె (హన్మకొండ):

38 మిల్లీ వోల్టులు వచ్చాయి సార్.

కరీంనగర్ రిపేరు:

అంటే 38 మైక్రో ఆంపియర్లు. సెల్ సామర్థ్యాన్ని 2,000 ఎంఏహెచ్ అనుకుంటే, భాగిస్తే 52 వేల గంటలు దాటుతుంది, కాగితం మీద ఆరేళ్లు. అదే పాత 60 ఎంఏహెచ్ పీపా నిండుగా ఉన్నా రెండు నెలలకే ఖాళీ అయ్యేది, సజ్జ ఎక్కిన మొదటి వేసవిలోనే అది చచ్చి ఉంటుంది. అయితే ఆరేళ్లూ మీకు దక్కవు. బోర్డు డయోడ్ ఒకటి, మన డయోడ్ ఒకటి కలిసి దాదాపు 0.9 వోల్టు తింటాయి. అందువల్ల ఒక్కో సెల్ 1.3 వోల్టులకు దిగేసరికే చిప్‌కు 3 వోల్టులు మాత్రమే మిగులుతాయి, అప్పటికి సెల్‌లో సరుకు ఇంకా చాలా ఉంటుంది. దానికోసం డయోడ్ తీసేయాలని చూడకండి. సెల్లు వేసిన తేదీని డబ్బా మూత మీద రాసి, రెండేళ్లకు ఒకసారి మార్చేయండి. అప్పటికి అవి పనిచేస్తున్నా సరే, తీసి గోడ గడియారానికి వేసుకోండి.

పాత సిగ్నల్ మనిషి (కాజీపేట):

గడియారం సంగతి నేను చెబుతాను. హెడర్‌కు 4 వోల్టులు అందుతున్నప్పుడు తప్పు బ్యాటరీది కాదు. ఆ గడియారాన్ని నడిపేది సెకనుకు 32,768 సార్లు కంపించే చిన్న స్ఫటికం. ఆ సంఖ్యను పదిహేను సార్లు సగం చేస్తే ఒకటి మిగులుతుంది, అదే ఒక సెకను. ఆ స్ఫటికం సన్నని వెండి రంగు గొట్టంలా, సాధారణంగా బ్యాటరీకి దగ్గరలోనే ఉంటుంది. దాని కాళ్ల మధ్య క్షారపు తడి ఏ కొంచెం మిగిలినా కంపనం దెబ్బతిని గడియారం దారి తప్పుతుంది. మీకు రోజుకు 22 సెకన్లు తేడా వస్తోంది, మంచి స్ఫటికానికి అది ఎక్కువే. ఆ గొట్టాన్ని కొద్దిగా పైకి వంచి, దాని కిందా, రెండు కాళ్ల మధ్యా ఆల్కహాల్‌తో మళ్లీ తుడిచి, బాగా ఆరనిచ్చి, మరో పదకొండు రోజులు చూసి ఎంత తేడా వచ్చిందో ఇక్కడే రాయండి. కాళ్లు సన్నవి, ఒక్కసారికి మించి వంచకండి.